ఆర్నెల్లయింది కదా, ఇంకానా?

"ఆర్నెల్లయింది కదమ్మా, ఇంకా అలాగే ఉంటే ఎలా? నువ్వైనా కాస్త చెప్పు మీ అక్కకి" అన్నాడు బాబాయి ఫోన్లో.

ఆయన చెడ్డవాడైతే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు. బావ పోయిన రాత్రి ఆసుపత్రికి అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది ఆయనే. సంతకాలు, అంబులెన్సు, బంధువులకి కబుర్లు, ఆ తర్వాత బ్యాంకులో నామినీ పనులు, ఇన్సూరెన్సు క్లెయిము, అన్నిటికీ తనే తిరిగాడు. అక్కని ఒక్క క్యూలో కూడా నిలబడనివ్వలేదు. అంత చేసిన మనిషికి కూడా ఆరో నెల వచ్చేసరికి ఓపిక అయిపోయింది. అక్క మీద ప్రేమ తగ్గిపోయిందని నేననను. ఈపాటికి తేరుకోవాలి అనే లెక్క ఒకటి ఆయన మనసులో ఉంది. ఆయన ఒక్కడి మనసులోనే కాదు, మనందరి మనసుల్లోనూ ఉంది.

ఆ లెక్క గురించే నా గొడవంతా. దుఃఖానికి మనం పెట్టే గడువు దుఃఖంలో ఉన్నవాళ్లకి ఏ మేలూ చేయదు. పక్కనుండి చూడలేకపోతున్న మనకే అది కావాలి. "పోయినవాళ్లతో మనం పోలేం కదా", "పిల్లల మొహం చూసైనా ధైర్యం తెచ్చుకో", "కాలమే అన్నీ మాన్పుతుంది". వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఒక్కటి చూడండి. ఈ మాటల్లో ఏది విన్నా, ఎదుటివాళ్లు "ఊఁ" అనడం తప్ప ఇంకేమీ అనలేరు. సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. మనం చేయాల్సింది చేశామనే తృప్తితో లేచి వచ్చేస్తాం.

ఐదు మెట్లు ఎవరివి?

చదువుకున్నవాళ్లు ఈ లెక్కకి ఒక శాస్త్రం కూడా చూపిస్తారు. ఒప్పుకోకపోవడం, కోపం, బేరమాడడం, దిగులు, చివరికి సమాధానపడడం. ఈ ఐదు దశలూ ఇప్పుడు అందరికీ నోటికి వచ్చు. 1969లో ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ అనే సైకియాట్రిస్టు వీటిని రాసినప్పుడు ఆమె ఎదురుగా ఉన్నది ఆత్మీయుల్ని పోగొట్టుకున్నవాళ్లు కాదు. చికాగోలో ఒక ఆసుపత్రిలో, చావుకి దగ్గరపడిన రోగుల పక్కన కూర్చుని, వాళ్లతో మాట్లాడి రాశారామె. నేను చనిపోబోతున్నానని తెలిసిన మనిషి మనసు గురించి చెప్పిన మాటల్ని తెచ్చి, బతికి ఉండి ఏడుస్తున్నవాళ్లకి కొలబద్దగా పెట్టుకున్నాం. తర్వాత్తర్వాత ఆమె కూడా వీటిని దుఃఖానికి అన్వయించారు. డేవిడ్ కెస్లర్‌తో కలిసి రాసిన పుస్తకం ఆమె పోయాక 2005లో వచ్చింది. ఇవి అందరికీ వచ్చేవీ కావు, వచ్చినా ఇదే వరసలో రావు అని అందులోనే స్పష్టంగా ఉంది. ఐదు దశలు ఊరూరా తిరిగాయి కానీ, ఆ వివరణ మాత్రం ఎవరి చెవినా పడలేదు.

ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. చాలా గౌరవం ఉంది. 1961లో చికాగోలోనే మరో ఆసుపత్రి డాక్టర్లని అడిగితే, దాదాపు 90 శాతం మంది క్యాన్సర్ ఉందన్న సంగతి రోగికి చెప్పకపోవడమే మంచిదన్నారు. అలాంటి రోజుల్లో, చావు గురించి ఆ రోగినే అడుగుదాం, వాళ్లని మాట్లాడనిద్దాం అని పట్టుబట్టిన మనిషి ఆమె. మాట్లాడనివ్వమన్న మనిషి పేరు చెప్పుకుని, "ఇది నాలుగో దశ, ఇంకొకటే మిగిలింది" అంటూ ఎదుటివాళ్ల నోరు మూయించడం చూస్తే నాకు బాధేస్తుంది.

మనోవిశ్లేషణకి ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. దుఃఖం చేసే పని పోయినవాళ్ల నుంచి మనసుని కొంచెం కొంచెంగా తెంచుకోవడమేనని, ఆ పని పూర్తయితే మనసు మళ్లీ స్వేచ్ఛగా ఉంటుందని 1917లో ఆయన రాశాడు. మూడేళ్లు తిరక్కుండానే, 1920 జనవరిలో, ఆయన కూతురు సోఫీ ఫ్లూ వచ్చి పోయింది. ఇరవయ్యారేళ్ల పిల్ల. 1923లో సోఫీ చిన్నకొడుకు, నాలుగేళ్లవాడు, పోయాడు. 1929లో లుడ్విగ్ బిన్స్‌వాంగర్ అనే మిత్రుడికి కొడుకు పోతే ఫ్రాయిడ్ ఒక ఉత్తరం రాశాడు. బతికుంటే మా అమ్మాయికి ఇవాళ్టికి ముప్పయ్యారు నిండేవి అన్నాడు అందులో. ఆ లోటు ఏదీ తీర్చలేదని, తీర్చినట్టు కనిపించినా అది వేరే ఏదో అవుతుందని, అలా ఉండడమే సరైనదని, ప్రేమని వదులుకోకుండా ఉండడానికి అదొక్కటే దారి అని రాశాడు. తొమ్మిదేళ్ల తర్వాత కూడా ఒక తండ్రి కూతురి పుట్టినరోజు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. సిద్ధాంతం రాసిన ఫ్రాయిడ్ కంటే, ఆ ఉత్తరం రాసిన తండ్రే నాకు ఎక్కువ నమ్మదగినవాడిగా కనిపిస్తాడు.

పేరెత్తని ఇల్లు

బావ పోయిన మొదటి వారాల్లో ఇంటి నిండా ఆయన మాటే. ఎలా జరిగింది, ఏ డాక్టరు ఏమన్నాడు, చివరగా ఎవరితో మాట్లాడారు. ఆ వచ్చీపోయే జనం తగ్గాక ఆయన పేరు కూడా తగ్గిపోయింది. పెళ్లి ఆల్బం చూస్తుంటే ఎవరో ఒకరు పేజీ గబగబా తిప్పేసేవారు. ఆయన కూర్చునే కుర్చీ ఎవరూ చెప్పకుండానే బాల్కనీలోకి వెళ్లిపోయింది. "గుర్తు చేసినట్టవుతుందేమో" అని అమ్మ గుసగుసగా అనేది. అక్క మర్చిపోయి ఉంటే కదా గుర్తు చేయడానికి!

ఒకరోజు మేమంతా అక్క ఇంట్లో ఉండగా వంటింట్లో అల్మరా ఒక పక్కకి ఒరిగింది. "అమ్మా, నాన్న డ్రిల్లింగ్ మిషన్ ఎక్కడుంది?" అన్నాడు అక్క కొడుకు. అందరి మాటలూ ఆగిపోయాయి. అమ్మ వాడికి కళ్లతో సైగ చేసింది. బాబాయి టీవీ సౌండ్ పెంచాడు. అక్క మాత్రం మామూలుగా లేచి, మంచం కింద నుంచి నీలం రంగు పెట్టె లాగింది. ఒక్కో బిట్టుకీ బావ చేతిరాతతో చిన్న చిన్న స్టిక్కర్లు: "గోడకి", "చెక్కకి", "దీన్ని ముట్టుకోవద్దు". ఆ మూడోది ఎందుకో మాకెవరికీ తెలీదు. కొత్తగా ఈ ఇంట్లో చేరినప్పుడు అద్దం బిగించబోయి గోడలోని నీళ్ల పైపుకి బెజ్జం పెట్టేశారట. మెయిన్ వాల్వు ఎక్కడుందో తెలీక, ప్లంబర్ వచ్చేదాకా వేలు అడ్డం పెట్టుకుని నిలబడ్డారట. వేలు తీయకుండానే అక్కతో, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారట. చెబుతూ చెబుతూ అక్క పడీపడీ నవ్వింది. మధ్యలో ఏడుపొచ్చింది. కాసేపాగి మిగతాది కూడా చెప్పింది. వాడు అల్మరా బిగించడం అయిపోయినా ఆ పెట్టె చుట్టూ కూర్చుని ఉండిపోయాం.

ఆ సాయంత్రం నాతో ఒక మాటంది. "మీ బావ పేరు ఎవరూ ఎత్తకపోతే, ఇన్నేళ్లూ ఆయన ఈ ఇంట్లో నిజంగా ఉన్నారా అని నాకే అనుమానం వస్తోందే."

మనిషి పోవడం ఒక నష్టం. ఆ మనిషి గురించి మాట్లాడుకునే చోటు పోవడం రెండోది. మొదటిది ఎవరి చేతుల్లోనూ లేదు. రెండోది మాత్రం అచ్చంగా మన చేతులతో మనమే చేస్తున్నాం, అదీ మంచి చేస్తున్నామనుకుని. ఇంకో సంగతి కూడా గమనించాను. మనం ఇబ్బంది పడుతున్నామని తెలిశాక, దుఃఖంలో ఉన్నవాళ్లే మనల్ని కాపాడడం మొదలుపెడతారు. "బాగానే ఉన్నాను" అంటారు. మనం వెళ్లేటప్పుడు మొహం కడుక్కుని ఎదురొస్తారు. ఓదార్చాల్సిన పని కూడా వాళ్ల నెత్తినే పడుతుంది.

మరి జబ్బు సంగతో?

ఇదంతా విన్న ఒక స్నేహితురాలు నన్ను గట్టిగానే నిలదీసింది. "ఏళ్ల తరబడి గదిలోంచి బయటికి రానివాళ్లని కూడా ఇలాగే వదిలేయమంటావా?" న్యాయమైన ప్రశ్నే. మానని దుఃఖం నిజంగానే ఉంది. దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత పేరుతో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తన జాబితాలో చేర్చింది. ఆ జాబితా 2022 నుంచి అమల్లో ఉంది, కనీసం 6 నెలలు గడవాలంటుంది. అదే ఏడాది అమెరికా సైకియాట్రిస్టుల సంఘం కూడా చేర్చింది. వాళ్ల లెక్కలో పెద్దవాళ్లకి కనీసం 12 నెలలు, పిల్లలకి 6 నెలలు. అయితే ఈ రెండు చోట్లా నెలలు గడవడం ఒక్కటే సరిపోదు. తట్టుకోలేని తపన అన్నాళ్లూ వదలకుండా ఉండాలి, రోజువారీ బతుకు కుంటుపడాలి, వాళ్ల సమాజంలో మామూలు అనుకునేదాన్ని మించిపోవాలి. సహజ మరణాల తర్వాత పెద్దవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరు ఇలా చిక్కుకుపోతారని 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన పరిశోధకులు తేల్చారు. వాళ్లకి డాక్టరు సాయం కావాలి. చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే నెలలు లెక్కపెట్టకుండా ఆ రోజే తీసుకెళ్లాలి.

ఇంత ఒప్పుకున్నాక కూడా నా మాట నిలుస్తుందనే అనుకుంటున్నాను. ఎందుకంటే ఆ చికిత్సలో ఏం చేస్తారో చూడండి. దీనికోసమే కాథరిన్ షియర్ అనే సైకియాట్రిస్టు రూపొందించిన పద్ధతిలో, ఆ మరణం ఎలా జరిగిందో రోగి చేత మళ్లీ మళ్లీ చెప్పిస్తారు. పోయినవాళ్ల జ్ఞాపకాలు, ఫొటోలు బయటికి తీయిస్తారు. వాళ్లు ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని మాట్లాడమంటారు. దీనికి డిప్రెషన్ మాత్ర కూడా కలిపితే ఎలా ఉంటుందని 2016లో పరీక్షిస్తే, మాత్ర వల్ల డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి కానీ దుఃఖం విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మాట్లాడకపోతేనే తేరుకుంటారని మనం ఇళ్లల్లో నమ్ముతుంటే, అస్సలు తేరుకోలేనివాళ్లకి వైద్యులు ఇచ్చే చికిత్సే మాట్లాడించడం.

అందరికీ మాటలు అక్కర్లేదు

నన్ను నిజంగా తటపటాయింపజేసే ప్రశ్న ఇంకొకటి ఉంది. నాతో చదువుకున్న ఒకతను తండ్రి పోయిన వారానికే ఉద్యోగానికి వెళ్లాడు. ఫోన్ చేస్తే సినిమాల గురించే మాట్లాడేవాడు. నాన్న ప్రస్తావన వస్తే, "ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అనేవాడు, ఏ మాత్రం విసుగు లేకుండా. అందరూ వాడి గురించి కంగారుపడ్డారు. లోపల దాచుకుంటున్నాడని, ఎప్పుడో ఒకసారి పగిలిపోతాడని. ఏళ్లు గడిచాయి. వాడు పగిలిపోలేదు. తండ్రి మీద ప్రేమ లేనివాడూ కాదు. ఆయన చేతి గడియారం ఇప్పటికీ వాడి చేతికే ఉంటుంది.

కాబట్టి ఏడవకపోవడాన్ని తప్పుపట్టడం కూడా గడువు పెట్టడం లాంటిదే. జార్జ్ బొనానో లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి గమనించి చెప్పింది ఇదే: ఆత్మీయుల్ని పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది పెద్దగా కుదేలవకుండానే నిలదొక్కుకుంటారు. అది నటన కాదు, అణచుకోవడమూ కాదు. నెదర్లాండ్స్‌లో మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ 1999లో చెప్పిన విషయం నాకు ఇంకా నచ్చుతుంది. దుఃఖంలో ఉన్న మనిషి ఒక దశ నుంచి ఇంకో దశకి నడవడు, రెండు పక్కలకీ ఊగుతుంటాడు అంటారు వాళ్లు. ఒక పూట పోయిన మనిషి దగ్గరికి వెళతాడు, ఇంకో పూట కరెంటు బిల్లు, పిల్లల పరీక్షల దగ్గరికి వస్తాడు. ఈ రెండూ కావాలి. ఎప్పుడూ ఒకే పక్క ఉండిపోతేనే చిక్కు.

దీన్నిబట్టి నేను చేసేది ఒకటే. వాళ్లు కాదనడానికి వీలుండేలా మాట కదుపుతాను. "బావ ఉంటే ఈ పాట పూర్తిగా వినందే కదలనిచ్చేవారు కాదు కదా" అని ఒక్క మాట అని ఊరుకుంటాను. అందుకుంటే వింటాను. అందుకోకపోతే కరెంటు బిల్లు గురించే మాట్లాడుకుంటాం. "మనసులో ఉన్నదంతా బయటపెట్టు, తేలికవుతుంది" అని మాత్రం ఎవరితోనూ అనను. అదీ ఒక ఆజ్ఞే.

రాళ్ల మీద పేర్లు

సమాజానికి చావుని గుర్తుపెట్టుకోవడం రాదని కాదు. దేశాలుగా మనుషులు దాన్ని చాలా బాగా చేస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాదైన రోజున, 1919 నవంబర్ 11న, బ్రిటన్‌లో మొదలైన రెండు నిమిషాల మౌనం వందేళ్లు దాటినా ఆగలేదు. వాషింగ్టన్‌లో 1982లో పూర్తయిన వియత్నాం యుద్ధ స్మారకం గోడ మీద 58 వేలకి పైగా పేర్లున్నాయి. దాన్ని రూపొందించిన మాయా లిన్ అప్పటికింకా విద్యార్థిని. ఆ నమూనా నచ్చక పెద్ద గొడవే చేశారు కొందరు. ఆమె పేర్లని అక్షరక్రమంలో కాకుండా, ప్రాణం పోయిన తేదీల వరసలో పెట్టించారు. పేర్ల పక్కన హోదాలు లేవు. కలిసి పోయినవాళ్లు పక్కపక్కనే ఉంటారు. అక్కడికి వచ్చినవాళ్లు ఆ పేరుని వేళ్లతో తడుముతారు, దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆ అచ్చుని ఇంటికి తీసుకెళతారు.

మనిషికి కావాల్సింది ఏమిటో ఆ పెన్సిల్ చెప్పేస్తోంది. పేరు. విడిగా, పూర్తిగా, ఆ ఒక్క మనిషి పేరు.

జపాన్‌లో ఒత్సుచి అనే ఊరి పక్కన ఇతారు ససాకి అనే ఆయన తన తోటలో ఒక ఫోన్ బూత్ పెట్టుకున్నాడు. దగ్గరి చుట్టం పోతే అతనితో మాట్లాడుకోవాలని 2010లో పెట్టుకున్న ఫోన్ అది. ఏ లైనుకీ కలిపి ఉండదు. 2011 మార్చిలో సునామీ వచ్చింది. ఆ ఊళ్లో చాలా భాగం తుడిచిపెట్టుకుపోయింది. ఆ తర్వాత వేలమంది వచ్చి ఆ రిసీవర్ ఎత్తి, పోయినవాళ్లతో మాట్లాడి వెళ్లారు. ఆ ఫోన్ గురించి విన్నవాళ్లందరూ ఎంత అందమైన ఆలోచన అంటారు. నిజమే. నాకు మాత్రం దానితోపాటు ఇంకో ఆలోచన వచ్చి దిగులేస్తుంది. వినడానికి ఇంట్లో ఒక్కరున్నా, ఏ లైనూ లేని ఫోన్ కోసం అంత దూరం ప్రయాణం చేయాల్సిన అవసరం వాళ్లలో ఎంతమందికి ఉండేదో.

ఫారంలో గడి లేనివాళ్లు

ఇంతవరకూ రాసినది కనీసం ఏడవడానికి హక్కుందని అందరూ ఒప్పుకునేవాళ్ల గురించి. ఆ హక్కే లేనివాళ్లు ఉన్నారు. విడాకులైన భర్త పోతే ఆమెకి ఎవరు ఫోన్ చేస్తారు? పుట్టకుండానే పోయిన బిడ్డ కోసం ఏడిస్తే "ఇంకా వయసుంది కదా" అంటారు. ప్రాణస్నేహితురాలు పోతే "చుట్టమా?" అని అడుగుతారు. కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లో వీటన్నిటినీ ఒక్కచోటికి తెచ్చి, సమాజం గుర్తించని దుఃఖం అని ఒక పేరు పెట్టాడు. మా ఆఫీసులో సెలవు ఫారంలో "మృతులతో సంబంధం" అని ఒక గడి ఉంటుంది. తల్లి, తండ్రి, భార్య, భర్త, సంతానం. స్నేహితులకి చోటు లేదు. పక్క సీటులో కూర్చునే ఆమె చిన్ననాటి స్నేహితురాలు పోతే, ఒంట్లో బాగోలేదని రాసి వెళ్లింది. తిరిగొచ్చాక "జ్వరం తగ్గిందా" అని అందరూ అడిగారు. తగ్గిందని చెప్పుకోవాల్సి వచ్చింది పాపం.

చట్టాలు కొద్దికొద్దిగా కదులుతున్నాయి. న్యూజిలాండ్ 2021లో గర్భస్రావం జరిగినవాళ్లకి, వాళ్ల భాగస్వాములకి కూడా మూడు రోజుల సంతాప సెలవు ఇచ్చింది. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుంచి, పద్దెనిమిదేళ్లలోపు బిడ్డని పోగొట్టుకున్న ఉద్యోగులకి రెండు వారాల సెలవు హక్కు. అందులో నాకు నచ్చింది వారాల సంఖ్య కంటే ఇంకొకటి. ఆ రెండు వారాలూ ఒకేసారి తీసుకోనక్కర్లేదు. ఒక్కో వారంగా విడదీసి, బిడ్డ పోయినప్పటి నుంచి 56 వారాల లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. అంటే మొదటి పుట్టినరోజు, మొదటి వర్ధంతి కూడా అందులోకే వస్తాయి.

సంతాప సెలవుని ఇలా విడదీసి వాడుకోనివ్వమని, స్నేహితులకీ ఒక గడి పెట్టమని మా ఆఫీసులో అడిగాను. దుర్వినియోగం చేస్తారన్నారు. చావు సాకు చెప్పి సెలవు పెట్టేవాళ్లని ఇప్పుడున్న ఫారం కూడా ఆపలేదు. మరణ ధ్రువపత్రం ఇప్పుడూ అడుగుతున్నారు, ఆరో నెలలో సెలవు పెట్టినా అదే కాగితం ఇస్తాం, తేదీ దాని మీదే ఉంటుంది. ఇదే రాసి మళ్లీ పంపాను. ఈసారి కింద నా పేరుతోపాటు ఇంకొందరి సంతకాలు కూడా ఉన్నాయి. జ్వరమని రాసిన ఆమెది అందరికంటే ముందుంది.